బిందె బరువు

మొన్న మాఘమాసంలో మా వాళ్లంతా విజయవాడలో పెళ్లికి వెళ్లారు. నా మోకాలు రైలెక్కనని మొండికేసింది కాబట్టి నేను ఇంట్లోనే ఉండిపోయాను. ఇంట్లో ఒంటరిగా మిగిలిన రిటైర్డు మీటరు రీడరు ఏం చేస్తాడు? మీటరు చూస్తాడు.

ముందు ఇల్లంతా తిరిగి, మా వాళ్లు ఎలా ఆపుతారో అలాగే అన్నీ ఆపాను. లైట్లు, ఫ్యాన్లు స్విచ్చులతో. టీవీ, ఏసీలు రిమోటుతో. ఫ్రిజ్జు ప్లగ్గు మాత్రం ఒక అరగంటకి పీకేశాను, పాపం దాన్ని ఈ లెక్కలో కలపడం అన్యాయం. అప్పుడు లిఫ్టులో సెల్లారుకి దిగి (అవును, లిఫ్టులోనే, మోకాలి సంగతి చెప్పానుగా) మా ఫ్లాటు మీటరు ముందు వాచ్‌మన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎర్ర చుక్క ఒకసారి మెరిసింది. చేతి వాచీ చూశాను. ఇరవై సెకన్లకు మళ్లీ మెరిసింది. మళ్లీ ఇరవై సెకన్లకు. పావుగంట చూశాను, లెక్క తప్పలేదు.

మా మీటరు మీద 3200 అని అచ్చేసి ఉంటుంది. ఆ చుక్క అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్టు. ఇరవై సెకన్లకోసారి అంటే గంటకు 180 సార్లు. లెక్క కడితే 56 వాట్లు. రోజంతా అలా సాగితే 1.35 యూనిట్లు, నెలకు 40. ఇంట్లో మనిషి లేడు, దీపం లేదు, ఫ్యాను రెక్క కదలడం లేదు. సెట్‌టాప్ బాక్సు, వైఫై డబ్బా, ఇన్వర్టరు, గోడకి జలగల్లా పట్టుకుని వేలాడే చార్జర్లు, నిద్ర నటించే టీవీ, అన్నీ కలిసి కూర్చుని నెలకు 40 యూనిట్లు భోంచేస్తున్నాయి.

మా ఊళ్లో మా ఇంటికి కరెంటు 1963లో వచ్చింది. వసారాలో 25 వాట్ల బల్బు, వంటింట్లో ఇంకో 25, నడిమింట్లో 40. అంతే. దీపాల వేళ నుంచి ఓ నాలుగు గంటలు. నెలకు 11 యూనిట్లు దాటిందంటే మా నాన్న పంచాయితీ పెట్టేవాడు, వసారాలో దీపం కింద కూర్చుని కబుర్లాడింది ఎవరో తేలేదాకా అన్నానికి లేచేవాడు కాదు. ఏడుగురం మెలకువగా ఉండి, చదువుకుని, వండుకుని, కొట్లాడుకుని కాల్చిన కరెంటుకి దాదాపు నాలుగింతలు ఇప్పుడు ఎవరూ లేని ఇల్లు కాలుస్తోంది.

పెళ్లి నుంచి రాగానే ఈ సంగతి చెప్పాను. మా అబ్బాయి ఫోన్లోంచి తలెత్తకుండా "ఆ నలభై యూనిట్లూ కలిపి ఒక పిజ్జా ఖరీదు చెయ్యవు నాన్నా" అన్నాడు. మనవడు చూపుడు వేలితో గాల్లో ఒక గీత గీశాడు. నేను "మా రోజుల్లో" అన్నప్పుడల్లా వాడలా గీస్తాడు. ఐదు గీతలు పడ్డాయంటే ఆ పూటకి నేను నోరు మూసుకోవాలి. ఆ నియమం పెట్టింది వాళ్ల నానమ్మే.

పిజ్జా! నాకు అక్కడే ఒళ్లు మండుతుంది. నేనేమన్నా డబ్బు గురించి అడిగానా? మా కాలంలో నీళ్లకీ నిప్పుకీ దీపానికీ కొలత ఉండేది. అది బిల్లులో ఉండేది కాదు, చేతిలో ఉండేది. చేదతాడు లాగే చేతికి నుయ్యి ఎంత లోతుకి పోయిందో తెలిసేది. కిరసనాయిలు సీసా ఎత్తితే ఇంకెన్ని రాత్రుల దీపం మిగిలిందో తెలిసేది. ఇప్పుడన్నీ గోడలోంచి వస్తున్నాయి. గోడలోంచి వచ్చేదానికి అడుగెక్కడుందో ఎవడికి తెలుసు?

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. కృష్ణా పశ్చిమ డెల్టాకి కొసాకొన. సముద్రం ఎంతో దూరం లేదు కాబట్టి నుయ్యి తవ్వితే ఉప్పునీళ్లే. ఒళ్లు కడుక్కోవడానికీ గిన్నెలు తోముకోవడానికీ ఆ నీళ్లు. పప్పు వేస్తే జన్మలో ఉడకదు. తాగడానికీ వంటకీ ఊరి మంచినీళ్ల చెరువు. దానికి కాలవే ఆధారం. వేసవి రాగానే కాలవ కట్టేసేవాళ్లు. కట్టేలోపే చెరువు నింపుకోవాలి, మళ్లీ తొలకరికి కాలవ వదిలేదాకా ఊరంతా ఆ చెరువు మీదే బతకాలి. పై ఊళ్లవాళ్లు వాడుకోగా వచ్చిందే మా చెరువులో పడేది. పైవాళ్లని తిట్టుకోవడం మా ఊరికి సాయంకాలపు సంధ్యావందనం లాంటిది.

చెరువులో చెప్పుకాలు పెట్టకూడదు. కాళ్లు కడిగితే జరిమానా. నీళ్లు తగ్గే కొద్దీ రేవు మెట్లు ఒకటొకటే బయటపడేవి. మా అమ్మ రోజూ ఆ మెట్లు లెక్కపెట్టుకుని వచ్చేది. "పదకొండో మెట్టు తేలిందిరా" అందంటే ఆ పూట నుంచీ విస్తరి పక్కన గ్లాసు సగమే నిండేది. మా ఊరికి వాటర్ మీటరు అదే. చదువురాని ఆవిడ రోజుకి రెండుసార్లు రీడింగు తీసేది. నేను ముప్పై ఏళ్లపైన ఊరూరా తిరిగి నెలకోసారి తీసిన రీడింగులు ఆవిడ ముందు ఏపాటి?

ఎండాకాలం చివర్లో చెరువు నీళ్లు బురదరంగు తిరిగేవి. అమ్మ బిందె లోపలి గోడకి చిల్లగింజ అరగదీసి నీళ్లు పోసేది. తెల్లారేసరికి మట్టంతా అడుక్కి దిగి పైన తేట మిగిలేది. తేట మాకు, అడుగు నీళ్లు బీరపాదుకి. బియ్యం కడిగిన నీళ్లు కుడితి తొట్టిలోకి, అక్కణ్ణించి గేదె పొట్టలోకి. గంజి కొంత మా గొంతులోకి, కొంత నాన్న పంచెకి. గిన్నెలు బూడిదతో, కొబ్బరి పీచుతో తోమి గంగాళంలో ముంచి తీస్తే అయిపోయేది. స్నానం నీళ్లు అరటి చెట్లకి. ఒక్క చెంబు నీళ్లకి మూడు నాలుగు జన్మలుండేవి.

ఇప్పుడు మా వంటింట్లో ఆర్వో మిషను ఉంది. ఒక లీటరు తాగేనీళ్లు ఇచ్చి, రెండు మూడు లీటర్లు సన్న గొట్టంలోంచి సింకులోకి వదిలేస్తుంది. చూసి చూసి నేనా గొట్టం కింద బకెట్టు పెట్టాను. ఆ నీళ్లలో ఉప్పెక్కువ, మొక్కలకి పనికిరావు గానీ ఇల్లు తుడవడానికీ బాత్రూములు కడగడానికీ దివ్యంగా పనికొస్తాయి. మా కోడలికి ఆ బకెట్టంటే నామోషీ. "మావయ్యగారూ, అది వంటిల్లా, చాకిరేవా" అంటుంది. చుట్టాలొస్తున్నారని ఫోను రాగానే బకెట్టు మాయమవుతుంది. వాళ్ల కారు గేటు దాటగానే తిరిగొస్తుంది. నాకూ దానికీ ఈ విషయంలో ఒక అవగాహన ఉంది, నేనూ చుట్టాల ముందు ఎక్కువ మాట్లాడను.

మా అమ్మది ఇత్తడి బిందె. పదిహేను లీటర్లు పట్టేది. బిందె బరువు వేరే. చెరువు నుంచి ఇంటికి అర కిలోమీటరు. తల మీద ఒకటి, చంకలో ఒకటి, పొద్దున మూడు విడతలు. ఆరు బిందెలు, 90 లీటర్లు. ఏడుగురి తాగునీరు, వంట అందులోనే గడవాలి. ఇప్పుడు పట్నంలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని సర్కారు ఇంజనీర్ల మాన్యువల్లో ఉంది. స్నానం, బట్టలు, అన్నీ కలిపే కాబట్టి నేను కాదనను. కానీ మా బాత్రూములో ఉన్న పాతకాలపు ఫ్లష్ ట్యాంకు ఒక్క నొక్కుకి పది లీటర్లు గుమ్మరిస్తుంది. అమ్మ నెత్తిమీది బిందెలో రెండొంతుల మంచినీళ్లు. దేని కోసమో చెప్పనక్కర్లేదు.

పైగా అవి ఎక్కడి నీళ్లో తెలుసా? హైదరాబాదుకి ఒకప్పుడు గండిపేట చాలింది. 1908లో మూసీ పొంగి ఊరిని ముంచేశాక, విశ్వేశ్వరయ్యగారు వేసిన పథకంతో 1920లో గండిపేట, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. వరద ఆపడానికి కట్టిన చెరువు ఊరి దాహం తీర్చింది. గండిపేట నీళ్లు ఎత్తు నుంచి పల్లానికి వాటంతటవే నడిచొచ్చేవి, మోటారు అక్కర్లేదు. ఆ నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదిలిపోడని సామెత కూడా పుట్టింది. నిజమే కాబోలు, ఎవడూ వదిలిపోలేదు, ఇంకా వస్తూనే ఉన్నారు, నాతో సహా. అందుకని 2004 నుంచి కృష్ణ నీళ్లు, 2015 నుంచి గోదావరి నీళ్లు నూరు కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో పైకి తోడుకొస్తున్నారు. తోడేది కరెంటు. కాబట్టి మా వాళ్లు కుళాయి వదిలేసి పళ్లు తోముకుంటుంటే నాకు నీళ్ల చప్పుడుతో పాటు ఎక్కడో మీటరు తిరుగుతున్న చప్పుడు కూడా వినిపిస్తుంది. ఉద్యోగం వదిలినా చెవి వదల్లేదు.

అసలు గమ్మత్తు ఇంకోటుంది. మా రేపల్లె వైపు కొసకి చేరాల్సిన కృష్ణ, నాగార్జునసాగర్ దగ్గరే గొట్టమెక్కి ఈ ఊరి ఫ్లష్ ట్యాంకుల్లోకి వస్తోంది. చిన్నప్పుడంతా పైవాళ్లని తిట్టాను. ఇప్పుడు ఆ పైవాణ్ణి నేనే.

నిజాంపేటలో మా అపార్టుమెంటు. ఏటా మార్చి దాటితే బోరు గాలి కక్కుతుంది. అప్పుడు ట్యాంకర్లు. ఐదు వేల లీటర్ల లారీ ఒకటి వెళ్తుంటే ఇంకోటి గేటు దగ్గర హారను కొడుతుంది. నెలాఖరుకి ఆ ఖర్చంతా ఫ్లాట్లన్నిటికీ సమానంగా పంచుతారు. నాలుగో అంతస్తులో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. ఆవిడ వాడేది నాలుగు బకెట్లు. ఆవిడ కింద ఫ్లాటులో రెండు కార్లు, వాటికి పైపు పెట్టి అభిషేకం. ఇద్దరికీ ఒకటే బిల్లు. ఇక ఎవరు పొదుపు చేస్తారు? చేసినవాడు వెర్రివాడు.

అసోసియేషన్ మీటింగులో నేను లేచి ఫ్లాటుకో నీళ్ల మీటరు పెట్టమన్నాను. పెట్టడం తేలిక కాదని ప్లంబరు వివరించాడు. పైట్యాంకు నుంచి ఒక్కో ఫ్లాటులోకి ఒక్క గొట్టం రాదు. వంటింటికి ఒకటి, రెండు బాత్రూములకి రెండు, బాల్కనీకి ఒకటి, వేరువేరుగా దిగుతాయి. ఫ్లాటుకి నాలుగు మీటర్లు కావాలి. ఆ మాట నిజమే, కట్టేటప్పుడే ఆలోచించాల్సింది. నాకు మండింది ప్లంబరు మాటకి కాదు. "అంకుల్, కొలిస్తే తగాదాలొస్తాయి, ఎందుకొచ్చిన గొడవ, కలిసున్నాం కదా" అన్నాడు ఒక కుర్ర ఇంజనీరు. కొలవకపోవడాన్ని ఐకమత్యం అంటారని నాకు ఆ రోజే తెలిసింది. చేతులెత్తమంటే నాతో పాటు నాలుగో అంతస్తు పెద్దావిడ ఎత్తింది. తీర్మానం వీగిపోయింది. బయటికి వస్తుంటే పైట్యాంకు నిండి, నీళ్లు పిట్టగోడ మీంచి జలపాతంలా కారుతున్నాయి. వాచ్‌మన్ కూడా మీటింగులో టీలు అందిస్తున్నాడు మరి.

మా రోజుల్లో (గీత!) అందరూ సత్యహరిశ్చంద్రులని నేననడం లేదు. నేను చూసిన దొంగతనాలు రాస్తే పుస్తకమవుతుంది. పాత మీటర్లలో అల్యూమినియం చక్రం తిరుగుతుండేది. అద్దం సందులోంచి ఫోటో ఫిల్ము ముక్క దోపి చక్రం ఆపేసేవాళ్లు. నేను వస్తున్నానని వీధి చివర పిల్లాడు ఈల వేస్తే లోపల ఫిల్ము మాయం. పెళ్లిళ్లకైతే తీగలకి కొక్కేలు తగిలించడం హక్కుగా ఉండేది. ఆ పెళ్లిలో నాకు లడ్డూ కూడా పెట్టేవాళ్లు. కానీ ఆ దొంగలకి కూడా చక్రం ఎంత వేగంగా తిరిగితే ఎంత పోతుందో తెలుసు. ఇప్పటి దొరలకి అదీ తెలీదు.

యంత్రాలు మెరుగుపడ్డాయి, ఒప్పుకుంటాను. 60 వాట్ల బల్బు చేసే పని 9 వాట్ల ఎల్ఈడీ చేస్తోంది. 75 వాట్లు తినే ఫ్యాను బదులు 30, 35 తినేవి వచ్చాయి. బల్బు బుద్ధి తెచ్చుకుంది, మనిషి తెచ్చుకోలేదు. మా హాల్లో ఫాల్స్ సీలింగ్ వేయించారు. దానికి 22 దీపాలు, ఒక్కోటి ఆరు వాట్లు. కూడితే 132. ఒక్క పాత బల్బు వెలిగించినా సగం కూడా అయ్యేది కాదు. గీజరు రెండు వేల వాట్లు, అరగంటకి ఒక యూనిట్టు. వేడెక్కాక తనంతట తానే ఆగుతుందిలెండి, కానీ మనవడు పొద్దున వేసి సాయంత్రం ట్యూషను నుంచి వచ్చాక ఆపుతాడు. చల్లారడం, మళ్లీ కాగడం, రోజంతా అదే తంతు. ఇక ఏసీ. 2020 నుంచి అమ్మే కొత్త ఏసీలు వేయగానే 24 డిగ్రీల మీద మొదలవ్వాలని నియమం. ఒక్క డిగ్రీ పెంచితే ఆరు శాతం కరెంటు ఆదా అని కరెంటు పొదుపు చూసే సర్కారు సంస్థ బీఈఈ వాళ్లే చెబుతున్నారు. మా వాడు రిమోటు తీసి 18కి దించి, ముఖం దాకా రగ్గు కప్పుకుంటాడు. మే నెలలో చలి పుట్టించుకుని, ఆ చలికి రగ్గు కొనుక్కోవడం! మేం డాబా మీద నీళ్లు చల్లి, నులక మంచం వేసుకుని, విసనకర్ర చేతిలోంచి జారిపోయేదాకా విసురుకుని నిద్రపోయేవాళ్లం. దోమలు కుట్టేవి. ఆ సంగతి మాత్రం నేను వాడికి చెప్పను.

గ్యాసు దగ్గరికి వస్తే నా గోల కాస్త తిరగబడుతుంది.

మా ఊరి ఇంట్లో కట్టెల పొయ్యి. ఒకసారి అంటించిన నిప్పుతో అన్నం, పప్పు, పులుసు అన్నీ వరసగా దిగేవి. చివరికి నిప్పులు మిగిలితే బూడిదలో చిలగడదుంపలు కుక్కేవాళ్లం. పాలకుండ దాలిలో పిడకల సెగ మీద సాయంత్రం దాకా కాగేది, ఎర్రటి మీగడ అరచెయ్యంత మందాన కట్టేది. ఉద్యోగానికి తెనాలి వచ్చాక బొగ్గుల కుంపటి, తర్వాత రంపపు పొట్టు పొయ్యి, ఆ తర్వాత కిరసనాయిలు స్టవ్వు. గ్యాసుకి 1978లో పేరు రాయించుకుంటే 1983లో వచ్చింది. మధ్యలో ఇద్దరు పిల్లలు పుట్టి నడక కూడా నేర్చారు. ఒకటే సిలిండరు. అయిపోయి ఇంకోటి వచ్చేదాకా వారమో, పక్షమో. అందాకా అటక మీది కిరసనాయిలు స్టవ్వే దిక్కు, రేషను షాపు ముందు డబ్బాల వరసే దిక్కు. అందుకని మా ఆవిడ సిలిండరు మార్చిన రోజున క్యాలెండరులో తిథి పక్కన సున్నా చుట్టేది. కందిపప్పు రెండు గంటల ముందు నానేసేది. మూత లేకుండా గిన్నె పొయ్యెక్కేది కాదు. కుక్కరు రెండో కూతకి కట్టేసి, మిగిలింది ఆవిరికి వదిలేసేది. ఐదుగురికి యాభై రోజులు లాగేది.

మొన్న మా కోడలు గొప్పగా చెప్పింది, "మావయ్యగారూ, మనకి సిలిండరు రెండు నెలలొస్తోంది" అని. రాదు మరి? వారంలో నాలుగు రాత్రులు స్విగ్గీ కుర్రాడు తలుపు కొడుతుంటే! మా పొయ్యి ఆరింది, నిజమే. మా కోసం వేరెక్కడో పొయ్యి మండింది, దారిపొడవునా పెట్రోలు మండింది. దీన్ని పొదుపు అంటే మా నాన్న పంచాయితీ పెట్టేవాడు.

ఈ పాట ఇంకో రెండు చరణాలు పాడబోతుంటే మా ఆవిడ వంటింట్లోంచే అందుకుంది. "ఏమండీ, మీ రోజుల్లో మీ రోజుల్లో అంటారే, మీరు ఒక్క బిందె మోశారా?"

"మగాళ్లు కావడితో..." అన్నాను.

"కావడి మోసింది మీ పాలేరు. పొట్టు పొయ్యి కూరింది నేను. కిరసనాయిలు వరసలో చంటిదాన్ని చంకనేసుకుని నుంచున్నది నేను. పొగకి దగ్గింది మీ అమ్మ. మీరు మిగిల్చిందేమిటి చెప్పండి?"

నేను చెప్పడానికి ఏమీ దొరకలేదు. అమ్మకి అరవై నిండకుండానే దగ్గు పట్టుకుంది. ఊదుడు గొట్టం పట్టుకుని పొయ్యి ముందు వంగిన వీపే నాకు గుర్తున్న అమ్మ. కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, అది ఆవిడ రంగే అనుకున్నాం. 1999లో దీపం పథకం వచ్చాక మా ఊళ్లో మా పక్కింటివాళ్లకి గ్యాసు వచ్చింది. చూడ్డానికి వెళ్లిన అమ్మ స్టవ్వు ముందు పీట మీద కూర్చుని నీలంమంట వంక చాలాసేపు చూసి, "మంటుంది సరే, పొగ ఏదే?" అని అడిగిందట. మా ఇంట్లో మాత్రం దాలి పాల రుచి పోతుందని మా నాన్న ఇంకో రెండేళ్లు గ్యాసు పడనివ్వలేదు. ఆ మీగడ రుచి గురించి నేను ఇందాక అంత లొట్టలేసుకుంటూ రాశాను కదా. కొట్టేద్దామనుకున్నాను. ఉంచేశాను, తిన్నమాట నిజమే కాబట్టి.

ఈ రోజుల్లో కొలత తెలిసినవాళ్లు అసలు లేరా అంటే, ఒకరున్నారు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి. తెల్ల రేషను కార్డు ఉంది, గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి 200 యూనిట్ల దాకా కరెంటు బిల్లు లేదు. దాటితే మొత్తం కట్టుకోవాలి. పోయిన నెల గిన్నెలు తోముతూ అంది: "పెద్ద సారూ, 183 అయింది. ఇంకా మూడు రోజులుంది రీడింగుకి. రాత్రుళ్లు ఫ్యాను ఒకటే ఏస్తన్నాం, అందరం ఒకే గదిలో." మా అపార్టుమెంటులో అడిగి చూడండి, ఒక్కడు తన యూనిట్ల సంఖ్య చెబితే నా పెన్షను రాసిస్తాను. ఆ అమ్మాయికి ఎర్ర చుక్క లెక్క నేర్పాను. ఇరవై నిమిషాల్లో పట్టేసింది. మర్నాడు వచ్చి, వాళ్ల పాత టీవీ రిమోటుతో ఆపినా తింటోందని, ప్లగ్గు పీకేశానని చెప్పింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నా మాట ఇంత త్వరగా విన్నవాళ్లు లేరు.

పోయిన వారం సంగతి. స్టవ్వుకున్న సిలిండరులో గ్యాసు ఇంకా ఎంతుందో అని అబ్బాయి ఫోనులో పాత బుకింగు తేదీ వెతుకుతున్నాడు. మా ఆవిడ తడిగుడ్డ తెచ్చి సిలిండరు నడుం చుట్టూ తుడిచింది. ఒక నిమిషం ఆగింది. పైభాగం చకచకా ఆరిపోయింది, అడుగున నాలుగు వేళ్ల మేర మాత్రం చెమ్మ నిలిచింది. లోపల గ్యాసు ద్రవంగా ఉన్నంత మేరా పై ఇనుము చల్లగా ఉండి తడి త్వరగా ఆరదు. చుక్కలూ లేవు, 3200 లేదు. "నాలుగు రోజులు" అని చెప్పి గుడ్డ ఆరేసుకుంది.

నాలుగో రోజు రాత్రి పాలు పొంగుకి రాకముందే మంట చిన్నదై, ఆరిపోయింది. అబ్బాయి ఆఫీసులో, మనవడు ట్యూషన్లో, కోడలు ఫోనులో మీటింగులో. ఆవిడ పాలగిన్నె పట్టుకుని నా వంక చూసింది. నేను లేచాను. రెగ్యులేటరు తిప్పి తీశాను. ఖాళీ సిలిండరు మెడ దగ్గర పట్టీ మీద బరువు కొట్టి ఉంటుంది: 15.3 కిలోలు. సిలిండరు వచ్చినప్పుడల్లా ఆ అంకె చూసి, దానికి 14.2 కలిపి తూకం వేయమని నేను వేధిస్తుంటే డెలివరీ కుర్రాడు నాకు "చెకింగ్ తాత" అని పేరు పెట్టాడు. అంకె చూడటమే గానీ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తాను. వంటింట్లోంచి బాల్కనీకి పద్నాలుగు అడుగులు. రెండు చోట్ల దించాను.

నిండుది 29.5 కిలోలు. రెండు బిందెల నీళ్లు, అదీ ఇత్తడి బరువు తీసేసి. లేవలేదు. పడుకోబెట్టి దొర్లించుకుంటూ తెచ్చాను. మా ఆవిడ పక్కకి తప్పుకుని దారిచ్చింది, ఏమీ అనలేదు. గీత గీయడానికి మనవడు ఇంట్లో లేడు. నేనూ ఏమీ అనలేదు.